ఇనుప పాటకు ఒక ఆశ్వాసాంత గద్య



పద్యాలు, వ్యాకరణం, శాసనాలు అంటూ ఇంతకాలం ఈ పుట నింపుతూ వచ్చిన నేను ఈసారి "ప్రోగ్రెసివ్ మెటల్‌కోర్" అనే సంగీతాన్ని గురించి వ్రాయబూనుకొన్నాను. ఆ పేరుకు తెలుగు చేద్దామని ప్రయత్నించాను. "పురోగామి లోహసారం" అన్నది తోచింది. చూడగానే ఆయుర్వేద అంగడిలో సీసా మీది పేరులా ఉన్నది. అందుచేత ఆ మాటను అలాగే ఉంచుతున్నాను. భాషాభిమానులు క్షమింతురు గాక.

ఊరు తెలియని వారికి ఉప్పల్ అంటే క్రికెట్ మైదానం, నాచారం అంటే ఎన్.టి. రామారావు గారి రామకృష్ణా స్టూడియో. ఇక్కడ కాపురముండే మాబోటివారికి మాత్రం ఈ ప్రాంతమంతా పారిశ్రామికవాడ. రేకుల షెడ్లు, లేత్ మిషన్లు, షిఫ్టు మారే వేళ సైకిళ్ళు, మోటారుబళ్ళు. నా పూర్వ విద్యార్థి ఒకడు ఉప్పల్‌లో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు మిత్రులతో కలిసి ఇటువంటి ఒక షెడ్డులోనే గిటారు సాధన చేస్తాడు. కాలనీలో వాయిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు కదా! వాళ్ళ జట్టు తన తొలి విడుదలకు సిద్ధమవుతున్నది. "మీరు మెచ్చుకోవాలని కాదు సార్, ఒక్కసారి వినాలె" అని నాలుగు పాటలు నా ఫోనులోకి ఎక్కించి వెళ్ళాడు. ఆ పాటలు ఇంకా లోకంలోకి రాలేదు గనుక వాటి పేర్లు గాని, జట్టు పేరు గాని ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. కాని వాటి వెనుకనున్న చరిత్రను చెప్పుకోవచ్చు. వింటున్నంతసేపు నన్ను రెండు ప్రశ్నలు వెంటాడాయి. ఈ ధ్వని మనకు నిజంగా పరాయిదేనా? మనది కూడా అయితే, దీని తొలి పలుకును దాచిపెట్టేదెవరు?

ముందు ధ్వని పుట్టుక. ఇది పుట్టినది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే కర్మాగారాల నగరంలో. టోనీ అయోమీ అనే కుర్రవాడు అక్కడ రేకులు కత్తిరించే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పదిహేడేళ్ళ వయసులో, 1965లో, యంత్రం కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం గలవాడు కాబట్టి తీగలు నొక్కవలసినది ఆ కుడిచేతి వేళ్ళతోనే. ఇక వాయించలేననుకొన్నవాడికి ఫ్యాక్టరీ మేస్త్రీ ఒక రికార్డు వినిపించాడట. అది జాంగో రైన్‌హార్ట్ వాదనం. ఆయన 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతిన్న తరువాత మిగిలిన వేళ్ళతో మహావాదకుడైన జిప్సీ. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్ళకు దర్జీవాని అంగుళిత్రాణం వంటి తొడుగులు చేసుకొన్నాడు, పైన తోలు అతికించాడు. సన్నని తీగలు కట్టాడు. తరువాతి కాలంలో తీగల బిగువును కూడా తగ్గించాడు. బిగువు తగ్గితే శ్రుతి కిందికి దిగుతుంది, నాదం బరువెక్కుతుంది. ఆయన జట్టు బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌లో చాలాభాగం 1969 అక్టోబరులో ఒక్క రోజులో ముద్రితమై, 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. హెవీ మెటల్ చరిత్రను ఆ తేదీనుంచి లెక్కపెట్టేవారు చాలామంది. మొన్న 2025 జూలై 5న అదే ఊరిలో ఆ జట్టు చివరి కచేరీ జరిగింది. మరి పదిహేడు రోజులకు గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ కన్నుమూశాడు.

మెటల్ అనే పేరులో లోహం ఉండడం కేవలం అలంకారం కాదని ఈ కథ చెబుతున్నది. ఆ సంగీతపు బరువులో ఒక కార్మికుడి గాయం ఉన్నది. నాచారం, మల్లాపూర్ వైపు ప్రెస్ మిషన్ల మీద పని చేసి వేళ్ళు పోగొట్టుకొన్నవారిని నేను చూశాను. వారి పిల్లలకు పాఠం చెప్పాను. వారి ఇళ్ళలో ఈ ప్రమాదం ఏ పాటలోకీ ఎక్కలేదు. నష్టపరిహారం కాగితంలోకైనా ఎక్కితే అదే పదివేలు.

ఇక వంశవృక్షం. మెటల్ ఒక పాయ. పంక్ సంగీతంలోనుంచి వచ్చిన హార్డ్‌కోర్ మరొక పాయ. ఈ రెండూ అమెరికాలో కలిసి 1990లలో మెటల్‌కోర్ అయ్యాయి. మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన కన్వర్జ్ జట్టు "జేన్ డో" (2001), కిల్‌స్విచ్ ఎంగేజ్ జట్టు "అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్" (2002) ఆ దారిలో మైలురాళ్ళు. ఒకే పాటలో కేకా, మృదుగానమూ పక్కపక్కన నడవడం దీని లక్షణం. చంపువులో గద్యపద్యాలు నడిచినట్లు. మధ్యలో వేగం సగానికి పడిపోయి, గిటార్లూ పెద్ద డ్రమ్మూ ఒకే దెబ్బగా పడే ఘట్టం ఒకటి వస్తుంది. దానిని బ్రేక్‌డౌన్ అంటారు. దీనికి 1960ల చివరినుంచి వస్తున్న ప్రోగ్రెసివ్ రాక్ వారి లెక్కల పిచ్చి, స్వీడన్ జట్టు మెషుగ్గా వారి లయవిన్యాసం కలిస్తే ప్రోగ్రెసివ్ మెటల్‌కోర్. బిట్వీన్ ద బరీడ్ అండ్ మీ జట్టు "కలర్స్" (2007), పెరిఫెరీ జట్టు తొలి ఆల్బమ్ (2010) దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు. పెరిఫెరీ నాయకుడు మిషా మన్సూర్ తన ఇంట్లోనే కంప్యూటరు మీద పాటలు ముద్రించి, అంతర్జాలంలో పంచి పేరు తెచ్చుకొన్నాడు. కంపెనీ గుమ్మం ఎక్కకుండానే తొలి విడుదల చేయవచ్చునన్న ధైర్యం ప్రపంచమంతటా కుర్రకారుకు అటువంటివారి వల్లనే కలిగింది.

మన దేశంలో ఆ ధైర్యం అంచెలంచెలుగా వచ్చింది. ముంబయి జట్టు రాక్ మెషీన్ 1988లో "రాక్ ఎన్ రోల్ రెనెగేడ్" విడుదల చేసింది. ఆ జట్టే తరువాత ఇండస్ క్రీడ్ అయింది. పరులు వ్రాసిన పాటలు వాయించడమే కచేరీ అనుకొనే రోజుల్లో సొంత పాటలతో ఆల్బమ్ తేవడం సాహసమే. అదే నగరం నుంచి డెమోనిక్ రెజరెక్షన్ జట్టు తొలి ఆల్బమ్ 2000లో వచ్చింది. ఢిల్లీకి చెందిన కేశవ్ ధర్ ఇంటిలో మొదలుపెట్టిన పని స్కైహార్బర్ అనే జట్టు అయి, 2012లో బ్రిటన్ కంపెనీ ద్వారా తొలి ఆల్బమ్‌గా బయటపడింది. అందులో రెండు భాగాలు. ఒకదానిలో ప్రధానంగా మృదుగానం, మరొకదానిలో గర్జన. ఒకదానికి గాయకుడు ఇంగ్లండువాడు, రెండవదానికి ముంబయివాడు, డ్రమ్ములు అమెరికాలోని అనూప్ శాస్త్రివి. ఒకే గదిలో కూర్చోకుండా తయారైన తొలి కృతి!

మన హైదరాబాదు విషయానికి వస్తే, గాడ్‌లెస్ అనే జట్టు 2016లో "సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్" అనే లఘు సంకలనంతో ముందుకు వచ్చింది. వీరిది మెటల్‌కోర్ కాదు, డెత్ మెటల్ అనే మరింత కరకు శాఖ. 2018లో "స్వార్మ్" అనే రెండవ లఘు సంకలనం, 2021లో "స్టేట్స్ ఆఫ్ కేయాస్" అనే పూర్తి ఆల్బమ్ వెలువడ్డాయి. తొలి చిన్న పొత్తానికీ తొలి పెద్ద గ్రంథానికీ నడుమ అయిదేళ్ళు. చేతి డబ్బుతో పుస్తకం అచ్చు వేయించుకొన్న కవులెవరికైనా ఆ అయిదేళ్ళ బరువు తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఈ ధ్వని పరాయిదా?

నేను చదువుకొన్న చదువు ఛందస్సు. కుర్రవాళ్ళ పాటలు వింటూ అలవాటు కొద్దీ వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. మొదటి పాటలో గిటారు ఏడు లెక్కలకు ఒకసారి మళ్ళుతున్నది. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఇది మిశ్రగతి. మన రగడలలో హయప్రచార త్రిమాత్రా గణాలతో నడుస్తుంది, మధురగతి నాలుగు మాత్రలతో, ద్విరదగతి అయిదు మాత్రలతో. మూడూ నాలుగూ జంటగా నడిచేవి హరిణగతి, వృషభగతి. హరిణగతి పాదానికి పదునాలుగు మాత్రలు, వృషభగతికి ఇరువది యెనిమిది.

ఇందులో తమాషా ఒకటి ఉన్నది. ఆ పాటలో గిటారు ఏడింటి లెక్కలో తిరుగుతుంటే డ్రమ్ము నాలుగింటి లెక్కలోనే కదలకుండా నిలుస్తుంది. రెండూ విడిపోయినట్టు, లయ తప్పినట్టు చెవికి తోస్తుంది. కాని ఇరువది యెనిమిదవ మాత్ర పూర్తికాగానే రెండూ ఒకే దెబ్బ మీద కలుసుకొంటాయి. నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. సరిగ్గా వృషభగతి పాదం నిడివి. కర్ణాటక సంగీతంలో మృదంగం వారి ముక్తాయింపు విని ఆనందించిన చెవికి ఈ కలయిక కొత్తది కాదు. మెషుగ్గా వారు ఇదంతా మన రగడలు చదివి చేశారని నేను అనడం లేదు. అటువంటి గొప్పలు మనకు వద్దు. లెక్క ఎవరి సొత్తూ కాదు, ఆ లెక్కను పట్టగల చెవి మనకు ముందే ఉన్నదని మాత్రమే నా మాట.

1910లో గురజాడ అప్పారావు గారు ఈ మిశ్రగతినే తీసుకొని ముత్యాల సరాలు కూర్చినప్పుడు అది ఛందస్సేనా అన్నవారున్నారు. ఆ గతి నేడు పాఠ్యపుస్తకాలలో ఉన్నది. నేనే ముప్ఫయి యేళ్ళకు పైగా పిల్లలచేత చదివించాను. తొలి విడుదల నాడు వినేవారి మొగమాటానికీ, శతాబ్ది గడిచాక వినేవారి గౌరవానికీ నడుమ గతి మారలేదు. చెవి మారింది.

లయ సరే, మరి ఆ అరుపుల మాటేమిటి అని మీరు అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. ఆలంకారికులు కావ్యగుణాలను మాధుర్యం, ఓజస్సు, ప్రసాదం అని మూడుగా చెప్పారు. మమ్మటుని ప్రకారం ఓజస్సు మనసును విస్తరింపజేసే దీప్తి. వీరంలోకంటె బీభత్సంలో, బీభత్సంలోకంటె రౌద్రంలో అది అధికం. ట ఠ డ ఢలు, శ షలు, రేఫతో కూడిన సంయుక్తాక్షరాలు, దీర్ఘ సమాసాలు దాని సామగ్రి. స్తంభం చీల్చుకొని వచ్చే నరసింహుని వర్ణన దగ్గర మాధుర్యగుణం ఆశించే పండితుడు ఎవడూ ఉండడు. మన తొలి టాకీ అయిన 1932 నాటి చిత్రం కూడా భక్త ప్రహ్లాదుని కథే కావడం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. పద్యంలో రౌద్రాన్ని చప్పట్లతో మెచ్చుకొనే మనం, అదే రౌద్రాన్ని పక్కింటి కుర్రవాడి గదిలో వింటే తలుపు తడుతున్నాము. పద్యంలోది కావ్యమూ, గదిలోది రోగమూ ఎలా అవుతుందో నాకు బోధపడదు.

పైగా ఆ గర్జన కేవలం గొంతు చించుకోవడం కాదు. దానికీ శిక్షణ ఉన్నది. అసలు స్వరతంత్రుల మీద ఒత్తిడి పడకుండా, వాటికి పైనున్న మడతలను కంపింపజేసి, ఉదరం నుంచి ఊపిరిని నియమంగా వదులుతారు. శిక్షణ లేకుండా అరిచినవాడు గొంతు పాడుచేసుకొంటాడు. రంగస్థలం మీద రాత్రంతా పద్యాలు పాడిన మన పౌరాణిక నటులకు ఊపిరి లెక్క ఎంత అవసరమో వీరికీ అంతే.

ఒక లోటు చెప్పకపోతే వ్యాసం భజన అవుతుంది. నేను విన్న నాలుగు పాటలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కారణం అడిగితే "తెలుగు ఈ దెబ్బ మీద కూర్చోదు సార్" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లీషు మాట హల్లుతో టక్కున తెగి డ్రమ్ము దెబ్బతో ఆగుతుంది. మన మాట దెబ్బ పడిన తరువాత కూడా కొంచెం జారుతుంది. కాని ద్విత్వాలూ సంయుక్తాలూ మాట మధ్యలో ఆ దెబ్బను ఇవ్వగలవు. మాట చివరను వదిలిపెట్టి మాట నడుమను దెబ్బ మీద కూర్చోబెట్టమని సలహా చెప్పాను. బ్లడీవుడ్ అనే ఢిల్లీ జట్టు 2022లో "రక్షక్" అనే ఆల్బమ్‌లో హిందీ, పంజాబీ మాటలను ఢోలు దరువుతో కలిపి ఈ సంగీతంలో కూర్చింది. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యం కాదు.

అయినా తొలి కృతిలో అనుకరణ ఉండడం దోషం కాదు. శ్రీశ్రీ తొలి పుస్తకం "ప్రభవ" 1928లో వచ్చింది. అందులో పూర్వకవుల నీడ దట్టంగా ఉన్నది. "మహాప్రస్థానం" పుస్తకమై వచ్చినది 1950లో. "ప్రభవ" లేకపోతే ఆ కవి ఎక్కడనుంచి ఎక్కడికి నడిచాడో మనకు తెలిసేది కాదు. అందుకే తొలి విడుదల గొప్పదా కాదా అన్నది చరిత్రకారునికి రెండవ ప్రశ్న. అది మిగిలి ఉన్నదా అన్నది మొదటిది.

ఇదే నా రెండవ ప్రశ్న కూడా. ఈ తరం పాటలు తాటాకుల కంటె బలహీనమైన చోట నివసిస్తున్నాయి. 2003లో మొదలైన మైస్పేస్ అనే చోట ప్రపంచంలోని చిన్న జట్లెన్నో తమ తొలి పాటలను ఉచితంగా పెట్టుకొన్నాయి. సర్వర్లు మార్చే పనిలో, 2015 వరకు ఎక్కించిన సంగీతమంతా పోయిందని 2019 మార్చిలో బయటపడింది. అయిదు కోట్ల పాటలని అంచనా. జియోసిటీస్ 2009లో, ఆర్కుట్ 2014లో మూతపడ్డాయి. వాటిలో వ్రాసుకొన్న మనవారి రాతలు ఎన్ని పోయాయో మీకు వేరుగా చెప్పాలా? ఉచితపు గూటిలో పుట నడుపుతున్న నాకూ, నా తోటి బ్లాగరులకూ ఇది పరుల కష్టం కాదు.

నన్నెచోడుని "కుమారసంభవం" శతాబ్దాల పాటు ఎవరికీ తెలియకుండా పడి ఉన్నది. మానవల్లి రామకృష్ణకవి గారు తంజావూరు తాళపత్రాలలో దానిని పట్టి 1909లో మొదటి భాగం ప్రకటించారు. కవి కాలం మీద వాదాలు నడిచాయి గాని కవి పేరు తెలియకపోలేదు. కారణం ఆశ్వాసాంత గద్య. కావ్యంలో ప్రతి ఆశ్వాసం చివర కవి తన పేరు, కావ్యం పేరు, ఆశ్వాసం సంఖ్య చెప్పుకొనే ఆ నాలుగు వాక్యాలను విద్యార్థులు పరీక్షకు పనికిరావని దాటవేస్తారు. చరిత్రకు అవే ప్రాణం.

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను ముద్రణ జరిగినప్పుడు ఆమె పాట చివర తన పేరును ఇంగ్లీషులో స్పష్టంగా పలికింది. రికార్డులు తయారుచేసే జర్మనీలోని హానోవర్ పనివారికి ఏ పాట ఎవరిదో తెలియడం కోసం. అది కూడా ఒక ఆశ్వాసాంత గద్యే. నూరేళ్ళు దాటినా ఆ గొంతు ఎవరిదో అనుమానం లేదు.

అందుచేత నా విద్యార్థికి ఒకటే చెప్పాను. ప్రతి పాటతోబాటు ఒక కాగితం వ్రాయండి. వాయించినవారి పేర్లు, ఏ వాద్యం ఎవరిది, పాట వ్రాసినదెవరు, ఏ ఊరిలో, ఏ వీధిలో, ఏ తేదీన ముద్రించారు, ఏ శ్రుతి, ఏ గతి. ఆ కాగితాన్ని పాటతోబాటు మూడు చోట్ల దాచండి. ఒకటి అంతర్జాలంలో, ఒకటి డిస్కులో, ఒకటి అచ్చులో. షెడ్డు యజమాని పేరు కూడా వ్రాయమన్నాను. నవ్వాడు గాని వ్రాశాడు.

మిత్రులకు ఒక మనవి. హైదరాబాదులో గాని, విశాఖ, విజయవాడ, వరంగల్లు ఊళ్ళలో గాని, దేశాంతరాలలోని మన పిల్లలలో గాని ఇటువంటి జట్ల తొలి క్యాసెట్టు, సీడీ, కచేరీ కరపత్రం మీ దగ్గర ఉంటే పారవేయకండి. జట్టు పేరు, సంవత్సరం, ఊరు, పాటల జాబితా దిగువ వ్యాఖ్యలలో వ్రాయండి. జట్టువారి సొంత పేర్లు మాత్రం వారి అనుమతి తీసుకొన్న తరువాతనే. అందినవన్నీ సంవత్సరాల వరుసలో పేర్చి మరొక టపాగా ఇక్కడ ఉంచుతాను. సంగీతం నచ్చకపోయినా ఫరవాలేదు, సంవత్సరం మాత్రం సరిగా వ్రాయండి.